జ్వరానికి ఒక లెక్క, ఎండకు ఒక లెక్క: ఉష్ణోగ్రతల మార్పిడిపై తరచుగా అడిగే ప్రశ్నలు

అసలు ఈ మార్పిడి అవసరం మనకెందుకు వస్తుంది?

మన ఇళ్లలో ఉష్ణోగ్రతకు రెండు లెక్కలు నడుస్తాయి. "పిల్లవాడికి నూట రెండు ఉంది" అంటే ఫారెన్‌హీట్ అని ఎవరూ విడమరచి చెప్పరు. "రామగుండంలో నలభై ఐదు దాటింది" అంటే సెల్సియస్ అని కూడా చెప్పనక్కరలేదు. ఒకే మనిషి ఒకే పూట రెండు కొలమానాల్లో మాట్లాడినా వినేవారికి తికమక ఉండదు. ఈ అలవాటు తెలియని చోటికి వెళ్లినప్పుడే చిక్కు. మెల్‌బోర్న్‌లో ఉన్న కూతురు "పాపకు ముప్పై తొమ్మిది ఉందమ్మా" అని ఫోనులో చెబితే అది ఎంత జ్వరమో ఇక్కడి అమ్మమ్మకు అంతుబట్టదు. డాలస్‌లో ఉన్న కొడుకు "ఇవాళ నూట నాలుగు" అనగానే తండ్రి కంగారు పడతాడు. ఆ అబ్బాయి చెప్పింది ఎండ సంగతి.

లెక్క మాత్రం ఆరో తరగతి పిల్లలు చేయగలిగిందే. పొరపాట్లు చాలావరకు గుణకార భాగహారాల్లో జరగవు. చేతిలో ఉన్న అంకె థర్మామీటరు చూపిన కొలతా, రెండు కొలతల మధ్య తేడానా, ఎంత సూక్ష్మంగా కొలిచినది అన్నవి చూసుకోకపోవడం వల్ల జరుగుతాయి. అందుకే కింద సూత్రాలకు తక్కువ చోటు, వాటికి ఎక్కువ చోటు ఇచ్చాను.

సూత్రం సూటిగా చెప్పండి.

సెల్సియస్ నుంచి ఫారెన్‌హీట్‌కు: 9తో గుణించి, 5తో భాగించి, చివరగా 32 కలపాలి.

ఫారెన్‌హీట్ నుంచి సెల్సియస్‌కు: మొదట 32 తీసేసి, మిగిలినదాన్ని 5తో గుణించి, 9తో భాగించాలి.

సెల్సియస్ నుంచి కెల్విన్‌కు (శాస్త్రవేత్తలు వాడే కొలమానం): 273.15 కలపాలి. కెల్విన్ నుంచి సెల్సియస్‌కు అదే తీసేయాలి.

ఫారెన్‌హీట్ నుంచి కెల్విన్‌కు: 459.67 కలిపి, 5తో గుణించి, 9తో భాగించాలి. ఇది గుర్తుండకపోతే సెల్సియస్ మీదుగా వెళ్లండి, దారి ఒక మెట్టు ఎక్కువ, అంతే.

ఇందులో వరుస ముఖ్యం. 38.5 డిగ్రీల సెల్సియస్‌ను తీసుకుంటే, 9తో గుణిస్తే 346.5, 5తో భాగిస్తే 69.3, 32 కలిపితే 101.3 డిగ్రీల ఫారెన్‌హీట్. ముందే 32 కలిపేసి తరువాత గుణించారా, 126.9 వస్తుంది. అంత జ్వరంతో మనిషి బతకడు కాబట్టి ఇక్కడ తప్పు వెంటనే దొరికిపోతుంది. వాతావరణం లెక్కల్లో అంత సులువుగా దొరకదు.

ఆ 32 ఎక్కడిది? 9, 5 ఎందుకు వచ్చాయి?

మంచు కరిగే ఉష్ణోగ్రత సెల్సియస్‌లో 0, ఫారెన్‌హీట్‌లో 32. నీరు మరిగే ఉష్ణోగ్రత సెల్సియస్‌లో 100, ఫారెన్‌హీట్‌లో 212. అంటే అదే దూరాన్ని ఒకరు 100 భాగాలు చేశారు, ఇంకొకరు 180 చేశారు. 180ని 100తో భాగిస్తే 9/5. మొదలుపెట్టిన చోటులో ఉన్న తేడా 32. సూత్రం మొత్తం ఇంతే.

ఇక మంచుకు 32 అనే వింత సంఖ్య ఎందుకు పడిందంటే దాని వెనక ఒక పనివాడి ఆలోచన ఉంది. డేనియల్ గాబ్రియెల్ ఫారెన్‌హీట్ 1686లో డాన్‌జిగ్‌లో, అంటే నేటి పోలండ్‌లోని గ్డాన్‌స్క్‌లో పుట్టాడు. హాలండ్‌లో స్థిరపడి శాస్త్ర పరికరాలు తయారుచేసేవాడు. గాజు గొట్టంలో పాదరసం పోసి నమ్మదగిన థర్మామీటర్లు చేసిన ఘనత ఆయనది. 1724లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో తన కొలమానాన్ని వివరించాడు. మంచు, నీరు, అమ్మోనియం క్లోరైడ్ ఉప్పు కలిపిన మిశ్రమం చల్లదనాన్ని సున్నాగా పెట్టుకున్నాడు. ఉప్పు కలపని మంచునీరు 32, ఆరోగ్యవంతుడైన మనిషి ఒంటి వేడి 96. ఈ 32కు 96కు మధ్య 64 గీతలు. సగం, అందులో సగం, మళ్లీ అందులో సగం అంటూ ఆరుసార్లు విభజిస్తే 64 భాగాలు కచ్చితంగా వస్తాయి. గాజు మీద చేత్తో గీతలు గీసేవాడికి ఇంతకంటే సుఖమైన సంఖ్యలు ఉండవు. తరువాతి కాలంలో నీటి మరుగు స్థానాన్ని సరిగ్గా 212గా ఖాయం చేయడంతో మిగతా గీతలు కొద్దిగా జరిగాయి, ఒంటి వేడి 96 నుంచి 98 దాటింది.

సెల్సియస్ కథలోనూ ఒక తమాషా ఉంది. స్వీడన్‌లోని ఉప్సాలాలో ఖగోళ శాస్త్రవేత్తగా ఉన్న ఆండర్స్ సెల్సియస్ 1742లో ప్రతిపాదించిన కొలమానంలో మరిగే నీటికి 0, గడ్డకట్టే నీటికి 100. వేడి పెరిగేకొద్దీ అంకె తగ్గుతుంది! ఆయన 1744లో మరణించాడు. కొద్ది ఏళ్లలోనే దాన్ని తలకిందులు చేసి ఈనాటి రూపంలోకి తెచ్చారు. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జాన్ పియర్ క్రిస్టాన్ 1743లోనే 0 నుంచి 100కు పైకి ఎక్కే థర్మామీటరును విడిగా రూపొందించాడు.

సెంటీగ్రేడ్, సెల్సియస్ వేర్వేరా?

ఒకటే. తూనికలు, కొలతల అంతర్జాతీయ మహాసభ 1948లో సెల్సియస్ పేరును ఖాయం చేసింది. మన పెద్దవాళ్లు, కొన్ని వార్తాపత్రికలు ఇంకా సెంటీగ్రేడ్ అంటే దిద్దాల్సిన పనేమీ లేదు.

కాగితం, కాలిక్యులేటరు లేకుండా మనసులో ఎలా మార్చాలి?

సెల్సియస్‌ను రెట్టింపు చేయండి. వచ్చినదానిలో పదో వంతు తీసేయండి. 32 కలపండి. 40 తీసుకుంటే రెట్టింపు 80, పదో వంతు 8 పోగా 72, 32 కలిపితే 104. 37 అయితే 74, అందులో 7.4 పోగా 66.6, 32 కలిపితే 98.6. చాలామంది దీన్ని ఉజ్జాయింపు అనుకుంటారు. నిజానికి రెండింతల్లో పదో వంతు తీసేయడమంటే 1.8తో గుణించడమే కాబట్టి జవాబు కచ్చితంగా వస్తుంది.

వెనక్కి రావాలంటే 32 తీసేసి, సగం చేసి, ఆ సగంలో తొమ్మిదో వంతు కలపండి. 104లో 32 పోతే 72, సగం 36, అందులో తొమ్మిదో వంతు 4, మొత్తం 40. తొమ్మిదో వంతు కష్టమనిపిస్తే పదో వంతు కలిపినా పెద్ద తేడా రాదు, ఇక్కడ 39.6 వస్తుంది.

"రెట్టింపు చేసి 30 కలుపు" అనే చిట్కా ఒకటి ప్రచారంలో ఉంది. 10 డిగ్రీల దగ్గర అది అచ్చంగా సరిపోతుంది, 20 దగ్గర 2 డిగ్రీలు తప్పుతుంది, 40 దగ్గర 104 బదులు 110 చూపిస్తుంది. స్వెటరు వేసుకోవాలా వద్దా అని తేల్చుకోవడానికి పరవాలేదు. జ్వరానికి మాత్రం వాడకండి. 38.5 జ్వరం ఈ చిట్కాలో 107 అవుతుంది, ఇంటిల్లిపాదీ ఆసుపత్రికి పరుగెత్తాల్సి వస్తుంది.

గుణకారమే వద్దనుకునేవారు మెట్లు గుర్తుపెట్టుకోండి. సెల్సియస్‌లో ప్రతి 10కి ఫారెన్‌హీట్‌లో 18. కాబట్టి 0కి 32, 10కి 50, 20కి 68, 30కి 86, 40కి 104, 50కి 122. అంకెలు తిరగేసే జంటలు కూడా రెండున్నాయి: 16కు 61, 28కి 82. దశాంశాలను దగ్గరి పూర్ణాంకానికి సర్దితే ఇవి సరైనవే.

జ్వరానికి ఒక చిన్న పట్టిక ఇవ్వగలరా?

ఎడమ పక్క సెల్సియస్, కుడి పక్క ఫారెన్‌హీట్:

36.0 – 96.8
37.0 – 98.6
37.5 – 99.5
38.0 – 100.4
38.5 – 101.3
39.0 – 102.2
39.5 – 103.1
40.0 – 104.0
40.5 – 104.9
41.0 – 105.8

అర డిగ్రీకి 0.9 చొప్పున పెరుగుతుంది. వైద్య పుస్తకాల్లో జ్వరానికి గీతగా కనిపించే 100.4 అనే అంకె అంత విడ్డూరంగా ఉండడానికి కారణం ఈ పట్టికలోనే ఉంది: అది 38 అనే గుండు సంఖ్యకు మార్పిడి.

ఆరోగ్యవంతుల ఒంటి వేడి సరిగ్గా 98.6 ఉండాలా?

ఉండనక్కరలేదు. ఆ దశాంశాన్ని మరీ నమ్మేయకండి. జర్మనీలోని లైప్‌జిగ్‌లో వైద్యుడు కార్ల్ వుండర్‌లిష్ వేలమంది రోగుల చంకల్లో థర్మామీటరు పెట్టి తీసిన కొలతలను 1868లో పుస్తకంగా వేశాడు. ఆయన తేల్చిన సగటు 37 డిగ్రీల సెల్సియస్. 37 అంటే "36.5కు 37.5కు మధ్య ఎక్కడో" అనే పాటి సంఖ్య. దాన్ని ఫారెన్‌హీట్‌లోకి మార్చగానే 98.6 అయింది, పదో వంతు దాకా కొలిచి చెప్పినట్టు కనిపించడం మొదలైంది. కొలతలో లేని సూక్ష్మత మార్పిడిలో పుట్టుకొచ్చింది. బ్రిటిష్ అలవాటు వేరు, వారు 98.4 అనేవారు, మన దగ్గర పాతతరం వైద్యుల నోట ఆ అంకె వినిపించేది అందుకే. ఏదైనా ఒకటే, ఎందుకంటే ఒకే మనిషికి తెల్లవారుజామున తక్కువగా, సాయంత్రానికి ఎక్కువగా ఉండి, రోజులో అర డిగ్రీ సెల్సియస్ దాకా మారుతూ ఉంటుంది. ఈ మధ్యకాలపు అధ్యయనాలు చాలావాటిలో సగటు 98.6 కంటే కొద్దిగా తక్కువే వచ్చింది.

ఇదే జాగ్రత్త ఎక్కడైనా పనికొస్తుంది. "కొలిమిలో దాదాపు 1000 డిగ్రీల సెల్సియస్" అన్న వాక్యాన్ని "దాదాపు 1832 డిగ్రీల ఫారెన్‌హీట్" అని మారిస్తే నవ్వొస్తుంది. దాదాపు అన్నాక 1800 చాలు. మూల సంఖ్య ఎంత మోటుగా ఉందో జవాబు కూడా అంత మోటుగానే ఉండాలి.

చంకలో పెట్టి చూస్తే ఒక డిగ్రీ కలపాలంటారు. నిజమేనా?

చంకలో కొలత నోటిలో కొలత కంటే సాధారణంగా అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ ఫారెన్‌హీట్ తక్కువగా వస్తుంది. మన ఇళ్లలోని "ఒకటి కలుపు" అన్న మాట దాని నుంచే పుట్టింది. ఇక్కడొక గొయ్యి ఉంది. ఆ ఒకటి ఫారెన్‌హీట్ డిగ్రీ. విదేశంలో కొన్న సెల్సియస్ థర్మామీటరు 37.6 చూపిస్తే దానికీ ఒకటి కలిపి 38.6 అనుకుంటే 1.8 ఫారెన్‌హీట్ డిగ్రీలు కలిపినట్టు. అంటే 99.7 ఉన్న పిల్లవాడిని 101.5 చేశారు. ఏమీ కలపకుండా చూసిన అంకె, పెట్టిన చోటు రెండూ డాక్టరుకు చెప్పండి. మిగతాది వారు చూసుకుంటారు.

"సాధారణం కంటే 5 డిగ్రీలు ఎక్కువ" అన్నదాన్ని ఎలా మార్చాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

ఉష్ణోగ్రతను మార్చేటప్పుడు 32 కలుపుతాం. ఉష్ణోగ్రతల మధ్య తేడాను మార్చేటప్పుడు కలపకూడదు. 5 డిగ్రీల సెల్సియస్ ఉన్న గది ఫారెన్‌హీట్‌లో 41. కానీ "నిన్నటికంటే 5 డిగ్రీల సెల్సియస్ పెరిగింది" అంటే ఫారెన్‌హీట్‌లో పెరిగింది 9 మాత్రమే. 32 రెండు కొలతల్లోనూ ఉంటుంది, ఒకదాన్నుంచి ఇంకొకటి తీసేస్తే అది కొట్టుకుపోతుంది. మిగిలేది 9/5 ఒక్కటే.

ఈ తప్పు చిన్నవాళ్లే చేస్తారనుకోకండి. 2015 పారిస్ ఒప్పందంలోని 1.5 డిగ్రీల సెల్సియస్ పరిమితి ఉందే, అది భూమి సగటు ఉష్ణోగ్రతలో పెరుగుదల. ఫారెన్‌హీట్‌లో 2.7. మార్పిడి యంత్రంలో 1.5 అని కొడితే 34.7 వస్తుంది, ఆలోచించకుండా దాన్నే రాసేస్తే భూగోళం మాడి మసైపోయినట్టే.

మన వేసవి వార్తల్లోనూ ఇదే సందర్భం ఎదురవుతుంది. భారత వాతావరణ విభాగం లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలకు చేరి, సాధారణం కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువగా ఉంటే వడగాలులు, 6.4 దాటితే తీవ్ర వడగాలులు. సాధారణంతో పోల్చకుండా నేరుగా 45కు చేరినా వడగాలులే, 47కు చేరితే తీవ్రమే. అమెరికాలో ఉన్న బంధువుకు దీన్ని వివరించాలంటే ఒకే వాక్యంలో రెండు రకాల మార్పిడి చేయాలి. 40 అనేది కొలత, కాబట్టి 104. 4.5 అనేది తేడా, కాబట్టి 8.1. తీర ప్రాంతాలకు మొదటి గీత 37 డిగ్రీలు, అంటే 98.6. మామూలు ఒంటి వేడి అంకె ఇక్కడ ఎండ అంకెగా కనిపించడం యాదృచ్ఛికమే.

20 నుంచి 40కి పెరిగితే వేడి రెట్టింపు అయినట్టా?

కాదు. అదే రెండు ఉష్ణోగ్రతలు ఫారెన్‌హీట్‌లో 68, 104. అక్కడ ఒకటిన్నర రెట్లు అనాల్సి వస్తుంది. కొలమానం మారితే మారిపోయే నిష్పత్తికి అర్థం లేదు. ఈ రెండు కొలమానాల్లోనూ సున్నా మనుషులు తమ వీలు కోసం పెట్టుకున్న గీత, వేడి బొత్తిగా లేని స్థితి కాదు. "ఎన్ని రెట్లు" అని అడగాలంటే అసలు సున్నా నుంచి లెక్కపెట్టే కెల్విన్‌కు వెళ్లాలి. అక్కడ ఇవి 293.15, 313.15. పెరిగింది సుమారు 7 శాతం. సైకిల్ ట్యూబులో గాలి పీడనం ఎండకు ఎంత పెరుగుతుందో లెక్కకట్టే భౌతికశాస్త్ర సమస్యల్లో విద్యార్థులు సెల్సియస్‌లోనే నిష్పత్తి తీసేసి మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే.

కెల్విన్‌కు డిగ్రీ గుర్తు ఎందుకు పెట్టరు?

గ్లాస్గోలో ఆచార్యుడిగా ఉన్న విలియం థామ్సన్, తరువాతి కాలంలో లార్డ్ కెల్విన్, 1848లో పరమ ఉష్ణోగ్రత మానాన్ని ప్రతిపాదించాడు. అందులో సున్నాను పరమ శూన్యం అంటారు, అది సెల్సియస్‌లో మైనస్ 273.15, ఫారెన్‌హీట్‌లో మైనస్ 459.67. అంతకంటే చల్లదనం ఉండదు, అందుకే కెల్విన్‌లో మైనస్ అంకెలు వస్తే మీ లెక్క ఎక్కడో తప్పినట్టే. 1967 నుంచి దీన్ని మీటరు, కిలోగ్రాముల్లాగే ఒక ప్రమాణంగా చూస్తున్నారు, కాబట్టి "300 డిగ్రీల కెల్విన్" అనకూడదు, "300 కెల్విన్" అనాలి. పరీక్షల్లో దీనికి అర మార్కు పోయినవాళ్లు ఉన్నారు.

ఒక కెల్విన్ తేడా, ఒక సెల్సియస్ డిగ్రీ తేడా సమానం. 1954లో నీటి త్రిక బిందువును, అంటే మంచు, నీరు, ఆవిరి మూడూ కలిసి నిలిచే ఉష్ణోగ్రతను, 273.16 కెల్విన్‌గా తీసుకుని ప్రమాణాన్ని నిర్వచించారు. 2019 మే 20 నుంచి నీటి మీద ఆధారపడడం మానేసి, ఉష్ణోగ్రతకు, అణువుల శక్తికి లంకె వేసే బోల్ట్స్‌మన్ స్థిరాంకం విలువను కచ్చితంగా నిర్ణయించి దాని నుంచి కెల్విన్‌ను రాబడుతున్నారు. మార్పిడి సూత్రం మాత్రం మారలేదు.

కెల్విన్ ప్రయోగశాలల్లో తప్ప బయట కనిపిస్తుందా?

మీ ఊరి ఎలక్ట్రికల్ దుకాణంలో కనిపిస్తుంది. ఎల్‌ఈడీ బల్బు పెట్టె మీద 2700, 3000, 6500 కెల్విన్ అని ఉండేది ఆ వెలుగు రంగు. ఆ ఉష్ణోగ్రతకు వేడెక్కిన ఆదర్శ వస్తువు ఏ రంగులో వెలుగుతుందో అది. 2700 అంటే పసుపు వెలుగు, 6500 అంటే నీలిఛాయ తెలుపు. తక్కువ కెల్విన్ ఉన్నదాన్ని వెచ్చని వెలుగు అనీ, ఎక్కువ ఉన్నదాన్ని చల్లని వెలుగు అనీ పిలవడం వ్యాపారుల భాష, భౌతికశాస్త్రం లెక్కకు పూర్తిగా తిరకాసు. దీన్ని సెల్సియస్‌లోకి మార్చే పని లేదు, బల్బు అంత వేడిగా ఉండదు.

మన శ్రీహరికోటలో అయితే సంగతి నిజమైన చల్లదనానిది. 2023 జులై 14న చంద్రయాన్-3ని మోసుకెళ్లిన రాకెట్ పై దశలో ఇంధనం ద్రవ హైడ్రోజన్, దానితోపాటు ద్రవ ఆక్సిజన్. హైడ్రోజన్ సుమారు 20 కెల్విన్ దగ్గర, అంటే మైనస్ 253 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. ఆక్సిజన్ సుమారు 90 కెల్విన్, మైనస్ 183. ఇంకా దగ్గరలో చూడాలంటే పశువుల కృత్రిమ గర్భధారణ కేంద్రానికి వెళ్లండి. వీర్యపు గొట్టాలను భద్రపరిచే పాత్రలోని ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ దగ్గర ఉంటుంది, మైనస్ 196 డిగ్రీల సెల్సియస్. గేదెల వెనక ఇంత భౌతికశాస్త్రం ఉందని ఎవరూ గొప్పగా చెప్పుకోరు.

రెండు కొలమానాలూ ఒకే అంకె చూపే చోటు ఉందా?

మైనస్ 40. సెల్సియస్ అన్నా, ఫారెన్‌హీట్ అన్నా ఒకటే. కెనడా ఉత్తరాన ఉన్నవారికి అది పుస్తకంలోని ప్రశ్న కాదు. ఫారెన్‌హీట్, కెల్విన్ సుమారు 574.59 దగ్గర కలుస్తాయి. సెల్సియస్, కెల్విన్ ఎప్పటికీ కలవవు, ఎందుకంటే మెట్టు సమానం, మొదలు వేరు. ఫారెన్‌హీట్ అంకె సెల్సియస్‌కు సరిగ్గా రెండింతలయ్యేది 160 దగ్గర: 160 సెల్సియస్ అంటే 320 ఫారెన్‌హీట్. కేకు చేసేవారికి ఇది పనికొస్తుంది.

మైనస్ అంకెల దగ్గర ఎలా?

సూత్రం అదే, గుర్తు జాగ్రత్త. మైనస్ 10ని 1.8తో గుణిస్తే మైనస్ 18, 32 కలిపితే 14. చలికాలంలో లంబసింగిలో సున్నా దగ్గరికి దిగిందన్న వార్త, చికాగోలో సున్నా అన్న వార్త ఒకే చలి గురించి కాదు. మొదటిది ఫారెన్‌హీట్‌లో 32. రెండోది సెల్సియస్‌లో మైనస్ 17.8.

ఆ మైనస్ 17.8 మనకు మరోచోట పరిచయమే. భీమవరం చుట్టుపక్కల నుంచి, కాకినాడ, విశాఖపట్నం ఓడరేవుల దారిలో ఎగుమతి అయ్యే శీతలీకరించిన రొయ్యలను మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ లేదా ఇంకా తక్కువలో ఉంచుతారు. ఇంట్లో ఫ్రీజరుకు చెప్పేదీ అదే అంకె. 18 అనే ఈ అడ్డదిడ్డపు సంఖ్యకు గుండు రూపం ఫారెన్‌హీట్‌లో ఉంది: సున్నా. అమెరికా కొనుగోలుదారు పత్రాల్లో సున్నా అని రాస్తే మంచు కరిగే ఉష్ణోగ్రత అనుకుని 0 సెల్సియస్‌లో పెట్టారంటే సరుకు మొత్తం పాడవుతుంది. టీకాల పెట్టెలకు చెప్పే 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్, ఫారెన్‌హీట్‌లో 35.6 నుంచి 46.4.

అమెరికన్ వంటకంలో ఓవెన్ 350 అని ఉంది. ఎంత పెట్టాలి?

కచ్చితంగా 176.7, పెట్టాల్సింది 180. వంట పుస్తకాలన్నీ అలాగే సర్దుకుంటాయి: 325కి 160, 400కి 200, 425కి 220. ఇంటి ఓవెన్ లోపలి వేడి డయల్ చూపే అంకెకు అటూ ఇటూ పది డిగ్రీలు ఊగుతూ ఉంటుంది కాబట్టి దశాంశాల కోసం తాపత్రయపడకండి. పాకం విషయంలో మాత్రం పట్టింపు ఉండాలి. పంచదార ఉండపాకం సుమారు 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్, ఫారెన్‌హీట్‌లో 235 నుంచి 240. అక్కడ 5 డిగ్రీలు దాటితే పాకం ముదురుతుంది. నీళ్ల గిన్నెలో చుక్క వేసి చూసే మన పద్ధతికి మార్పిడి అవసరం లేదనుకోండి.

నీరు ఎక్కడైనా 100 దగ్గరే మరుగుతుందా?

సముద్రమట్టం దగ్గరి గాలి పీడనంలో మాత్రమే. ఎత్తు సుమారు 300 మీటర్లు పెరిగితే మరుగు స్థానం ఒక సెల్సియస్ డిగ్రీ తగ్గుతుంది. హైదరాబాదులో 98 ప్రాంతం, సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో 97 ప్రాంతం. ప్రెషర్ కుక్కరులో పీడనం పెరిగి 120 దాకా పోతుంది, అంటే 248 ఫారెన్‌హీట్. ఇంట్లో థర్మామీటరును మరిగే నీటిలో పెట్టి పరీక్షించాలనుకుంటే ఇది గుర్తుంచుకోండి. జ్వరం థర్మామీటరుతో ఆ పని చేయకండి, దాని గీతలు 42 దగ్గరే ఆగిపోతాయి, మరిగే నీటిలో పగిలిపోవచ్చు.

ఇంటర్ పరీక్షల్లో వచ్చే "లోపమున్న థర్మామీటరు" లెక్క ఎలా చేయాలి?

ఏ కొలమానమైనా ఒకటే సూత్రం. చూపిన అంకెలోంచి మంచు దగ్గరి అంకె తీసేయండి, మంచుకు ఆవిరికి మధ్య ఆ పరికరంలో ఉన్న మొత్తం భాగాలతో భాగించండి. ఈ నిష్పత్తి అన్ని థర్మామీటర్లలోనూ సమానం. ఒక థర్మామీటరు కరిగే మంచులో 2, ఆవిరిలో 97 చూపిస్తోందనుకుందాం. అది 59 చూపితే అసలు ఉష్ణోగ్రత ఎంత? 59లో 2 పోగా 57, మొత్తం భాగాలు 95, నిష్పత్తి 0.6, కాబట్టి 60 డిగ్రీల సెల్సియస్. సరదాగా ఇంకొకటి ప్రయత్నించండి: ఈ లోపమున్న పరికరం 40 దగ్గర సరిగ్గా 40నే చూపిస్తుంది. ఈ పద్ధతి పట్టుబడితే పైన చెప్పిన సూత్రాలేవీ బట్టీ పట్టనక్కరలేదు, అన్నీ ఇందులోంచే వస్తాయి.

రేమర్, రాంకిన్ అనే కొలమానాలు కూడా ఉన్నాయటగా?

ఉన్నాయి. ఫ్రెంచి శాస్త్రవేత్త రేమర్ 1730లో పెట్టిన మానంలో మంచుకు 0, మరిగే నీటికి 80. సెల్సియస్ కావాలంటే 5తో గుణించి 4తో భాగిస్తే చాలు. సోవియట్ కాలపు తెలుగు అనువాదాల్లో రష్యన్ కథలు చదివి పెరిగినవారికి ఇది పనికొచ్చే సమాచారం. 19వ శతాబ్దపు రష్యాలో రేమర్ మానమే విరివిగా వాడేవారు కాబట్టి ఆనాటి కథలో పాత్ర "ఇరవై డిగ్రీల చలి" అంటే మనం అనుకునే మైనస్ 20 బదులు మైనస్ 25 కావచ్చు. రాంకిన్ మానం స్కాట్లండ్ ఇంజినీరు పేరుతో 1859లో వచ్చింది. పరమ శూన్యం నుంచి ఫారెన్‌హీట్ మెట్లతో లెక్కపెడుతుంది, ఫారెన్‌హీట్‌కు 459.67 కలిపితే సరి. అమెరికా ఇంజినీరింగ్ పుస్తకాల్లో తప్ప మీకు ఎదురుపడదు.

అమెరికా ఇంకా ఫారెన్‌హీట్‌నే ఎందుకు పట్టుకుని ఉంది?

1975లో మెట్రిక్ మార్పిడి చట్టం చేసింది, కానీ ఎవరినీ బలవంతపెట్టలేదు. దాన్ని నడిపించాల్సిన మండలిని 1982లో రద్దు చేసింది. అలవాటుకు చట్టం ఎదురు నిలవలేదు. అక్కడివారిని వేళాకోళం చేసే ముందు మన జ్వరం థర్మామీటరు వైపు ఒకసారి చూసుకోవాలి.

నేను రాసిన ప్రోగ్రాం ఎప్పుడూ 0 చూపిస్తోంది. ఎందుకు?

సి, జావా నేర్చుకునే వారిలో చాలామంది ఈ గోతిలో పడతారు. ఫారెన్‌హీట్‌ను సెల్సియస్‌లోకి మార్చే వరుసలో 5/9 అని ముందు రాశారు. రెండూ పూర్ణాంకాలు కాబట్టి ఆ భాషల్లో 5ను 9తో భాగిస్తే 0, దేనితో గుణించినా 0. సెల్సియస్ నుంచి ఫారెన్‌హీట్‌కు 9/5 రాస్తే 1.8 బదులు 1 వస్తుంది, 40 డిగ్రీలు 72 అవుతుంది. ఇది మరీ ప్రమాదం, అంకె నమ్మేలా ఉంటుంది కాబట్టి. 5.0/9, 9.0/5 అని రాయండి. తరువాత మైనస్ 40, 0, 37, 100 ఇచ్చి చూడండి. మైనస్ 40, 32, 98.6, 212 వస్తే ప్రోగ్రాం సరిగ్గా ఉంది.

కొత్త డిజిటల్ థర్మామీటరు ఏ కొలమానంలో చూపిస్తోందో తెలియడం లేదు.

తెర మూలన చిన్న అక్షరం ఉంటుంది, కళ్లజోడు లేకుండా కనపడదు. చాలా మోడళ్లలో బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచితే కొలమానం మారుతుంది. మీదాంట్లో ఎలాగో పెట్టెలోని కాగితంలో ఉంటుంది. అక్షరం కనిపించకపోయినా అంకెను బట్టి తేల్చుకోవచ్చు. మనిషి ఒంటి మీద 35కు 42కు మధ్య చూపిస్తే సెల్సియస్, 94కు 108కి మధ్య చూపిస్తే ఫారెన్‌హీట్. ఈ రెంటికీ మధ్య 60, 70 అని చూపిస్తే బ్యాటరీ మార్చండి.